చలి కావలసిన గుడ్లు

జారలాహి వేడి ప్రాంతపు మనిషి. మా దీవికి ఉత్తరాన, సముద్రం పక్క అంబంజలో పుట్టాడు. అక్కడి రంగుల ఊసరవెల్లుల్ని పెంచడంలో చేయి తిరిగినవాడని విని, మొరమంగ దగ్గర కొండమీద వాటిని పెంచి అమ్మే తోట పెట్టిన మా యజమాని అతన్ని పిలిపించాడు. పంజరాలు కట్టేది నేను, పెంచేది అతను. ఊళ్ళో మరెవరూ ఆ కంచె దాటి రారు. ఊసరవెల్లిని ముట్టుకోవడం మాలో నిషేధం. నేనైనా కర్రమీదికి ఎక్కించుకుంటానే గాని చేత్తో తాకను. అతను మాత్రం చొక్కా జేబు మీద ఒకదాన్ని పాకనిచ్చి అన్నం తినేవాడు.

తోటలో రెండు రకాలుండేవి. తీరపుదాన్ని కొనేవాళ్ళు పాంథర్ అంటారు. తిండిపోతు, కోపిష్టి. పొద్దున్నే ఎండ తగిలే కొమ్మ కావాలి. ఒళ్ళు కాగితే గాని మిడత వైపు చూడదు. ఆకుమీది నాలుగు చుక్కలు నాకితే దాహం తీరిపోతుంది. రెండు మగవి ఎదురుపడితే నెత్తురు చూడందే వదలవు కాబట్టి వాటి మధ్య నేను తడిక కట్టాల్సిందే. గుడ్లు వెచ్చటి మూల పెడితే ఏడాది లోపే పగులుతాయి.

మా కొండ అడవిలోది పార్సన్. ముక్కుమీద రెండు మొండి కొమ్ములు, మోచెయ్యంత ఒళ్ళు. ఎండ ఎక్కువైతే పాలిపోయి నోరు తెరుస్తుంది. దానికి పంజరం చాలదు, చెట్టే కావాలి. అందుకని బతికున్న చెట్టు చుట్టూ వల కట్టాను. తిండి తక్కువ, నీళ్ళు ఎక్కువ. రేకు డబ్బాకి మేకుతో చిల్లు పెట్టి పైన వేలాడదీస్తే, కింద నోరు తెరుచుకుని పూటంతా తాగుతుంది. గుడ్లు దాదాపు రెండేళ్ళు మట్టిలో పడుకుంటాయి. మధ్యలో గట్టి చలి తగలాలి. తగలకపోతే లోపలి పిల్లకి లేవాలని తెలియదు.

ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటిసారి పెట్టిన గుడ్లని పాంథర్ గుడ్ల పక్కనే పొయ్యి వెనక ఉంచాడు. ఒక్కటీ దక్కలేదు. చలి సంగతి అప్పుడే తెలుసుకున్నాడు.

రెండోసారి గుడ్లు పెట్టాక ఆడది చచ్చిపోయింది. అడవిలో కొత్తవి పట్టుకునే అనుమతి అప్పటికే ఆపేశారు. పట్టడానికి అడవి కూడా పెద్దగా మిగల్లేదు. ఆ వాలులోని చెట్లన్నీ బొగ్గు సంచులై రోడ్డు పక్కన నిలబడ్డాయి. మాకు మిగిలింది ఒక ముసలి మగది, ఆ గుడ్లు. యజమాని తేల్చి చెప్పేశాడు. "ఇవి పగలకపోతే ఆ చెట్టు కొట్టేసి పాంథర్ పంజరాలు కట్టండి. ముసలిదాన్ని ఎవరో ఒకరికి ఇచ్చేస్తాను."

జారలాహి ప్రతి గుడ్డు పైభాగాన బొగ్గుతో చుక్క పెట్టాడు. గుడ్డు తిరగబడితే లోపలి ప్రాణం ఊపిరాడక పోతుందని అతని భయం. చెక్కపెట్టెలో తడి మట్టి పోసి, చుక్కలు పైకి ఉండేలా పాతి, ఇంటి వెనక ఎండ సోకని గోడ పక్కన పెట్టాడు.

మరుసటి చలికాలంలో తీరం నుంచి అతని వెంట వచ్చిన జ్వరం తిరగబెట్టింది. భార్య ఫారా ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఇల్లు చూడ్డానికి ఆమె తల్లి రకేతక వచ్చింది. సొంతూళ్ళో పెద్దల ఎముకల్ని సమాధిలోంచి తీసి, కొత్త పట్టు చుట్టి, ఆడి పాడి మళ్ళీ పడుకోబెట్టి నేరుగా ఇక్కడికే వచ్చింది. మా కొండవాళ్ళకి అది చలికాలపు పని. పోయినవాళ్ళు కలలోకొచ్చి చలేస్తోందంటే మావాళ్ళు ఆగలేరు.

పెట్టె గురించి ఆమెకి ఎవరూ హెచ్చరిక చెప్పలేదు. ఊసరవెల్లి పేరెత్తితేనే చెవులు మూసుకునే మనిషి ఆమె.

జారలాహి బక్కచిక్కి తిరిగొచ్చాడు. ఇంట్లోకి కూడా వెళ్ళకుండా గోడ వెనక్కి నడిచాడు. నేను అక్కడే వల బాగుచేస్తున్నాను.

"మేస్త్రీ, పెట్టె మూత తీసిందెవరు?"

నేను జవాబు చెప్పేలోగా రకేతక గరిటె పట్టుకుని వచ్చింది. "నేనే అల్లుడూ. కలలో ఎవరో చలేస్తోంది, చలేస్తోంది అని ఒకటే గోల. మా ఆయనేమో అనుకున్నా. ఆయన్ని మొన్ననేగా చుట్టబెట్టి వచ్చాం! పొద్దున చూస్తే నీ పెట్టె. పాపం, ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. శుభ్రంగా తుడిచి, మిగిలిన పట్టుముక్కలో చుట్టి పొయ్యి వెనక పెట్టా."

"తుడిచావా?"

"మసి అంటుకుని ఉంటే తుడవనా మరి?"

అతను గోడకి జారబడి కూర్చుండిపోయాడు. "అత్తా, ఊసరవెల్లి కనిపిస్తే పక్క ఊరిదాకా పరిగెడతావే! దాని గుడ్లు ఎలా ముట్టుకున్నావ్?"

"గుడ్డు ఊసరవెల్లెలా అవుతుందయ్యా? మట్టిలో పడుకుని చలికి వణికేవాళ్ళంతా నాకొకటే."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత నాతో అంది. లేచి పొయ్యి వెనక్కి వెళ్ళి పట్టు విప్పాడు. తెల్లటి గుడ్లు, ఒక్కదాని మీదా చుక్క లేదు.

నాతో చెప్పుకున్నాడు. ఈ వెచ్చదనానికి కొన్ని నిద్రలేచి ఉంటాయి. లేచినవాటిని మళ్ళీ చలిలో పెడితే చస్తాయి. కొన్ని ఇంకా నిద్రలోనే ఉంటాయి. వాటిని వేడిలో ఉంచితే మొదటి గుడ్ల గతే. ఏది లేచిందో, ఏది లేవలేదో, ఏ వైపు పైదో తెలియదు.

"నేను ఆ జ్వరంతో పోయినా ఇంతకన్నా నయం, మేస్త్రీ," అన్నాడు.

"ఆ మాటలు తర్వాత. లోపల ఎలా చూస్తావో చెప్పు, కావలసింది నేను చేస్తా."

రేకు డబ్బా అడుగున గుడ్డు కూర్చునేంత కంత కోశాను. లోపల టార్చి పెట్టాం. పట్టపగలే తలుపులు మూసి, దుప్పటి కప్పుకుని ఇద్దరం లోపల కూర్చున్నాం. ఒక్కో గుడ్డూ కంత మీద ఆనితే వెలుగు లోపలికి పాకేది. కొన్నింట్లో దారప్పోగుల్లాంటి ఎర్ర నరాలు కనిపించాయి. ఆ నరాల ముద్ద ఉన్న వైపే పైభాగం అనుకుని, మళ్ళీ చుక్క పెట్టాడు. మిగిలినవాటిలో పసుపు మసక తప్ప ఏమీ లేదు. వాటికి ఊహించి చుక్క పెట్టాడు.

మసక గుడ్లు చలిపెట్టెలోకి వెళ్ళాయి. ఎర్ర నరాలవి పొయ్యి వెనకే ఉండిపోయాయి. "ఇక నుంచి వీటిని పాంథర్ గుడ్లలాగే చూడాలి," అన్నాడు. "వేడి పెరగకూడదు, తగ్గకూడదు."

ఇంకా నీరసంగా ఉన్న మనిషి నిప్పు దగ్గర ఎంతసేపని కూర్చుంటాడు? రకేతక బొగ్గుల పొయ్యి తన వైపు లాక్కుంది. "నిప్పు సంగతి నాకు చెప్పకు. అన్నం మాడ్చిందెప్పుడూ లేదు. నువ్వెళ్ళి పడుకో."

ఊరికి వెళ్ళిపోవాల్సిన మనిషి వెళ్ళలేదు. గిన్నె అడుగు అన్నంలో నీళ్ళు పోసి కాచి అతనికిస్తూ, నిప్పులమీద నివురు కప్పుతూ, తీస్తూ కూర్చుంది. అయినా గుడ్లు ఒక్కొక్కటే లోపలికి సొట్టపోయేవి, బూజు పట్టేవి. జారలాహి వాటిని తీసి పారేసి చెయ్యి కడుక్కుని బయటికి పోయేవాడు. ఎండలు ముదిరేసరికి చలిపెట్టెలోవి కూడా మెత్తబడ్డాయి. ఒకదాన్ని కోసి చూశాడు. లోపల నీళ్ళు. యజమాని మనిషి వచ్చి చెట్టు చుట్టుకొలత తీసుకుని పోయాడు. రంపం ఎవరిదని నన్నడిగాడు. నాది పదును లేదన్నాను.

వానలు మొదలైనప్పుడు పొయ్యి వెనక ఒకే ఒక్క గుడ్డు ఉంది. దాని ఒంటిమీద చెమటలా చుక్కలు పట్టాయి. మర్నాడు కొనదగ్గర చీలింది. చీలికలోంచి గోధుమరంగు ముక్కు ఒకటి వచ్చి, అలాగే ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా కదల్లేదు. జారలాహి ముట్టుకోలేదు. "లాగితే బొడ్డు దగ్గర నెత్తురు పోతుంది," అని చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. చివరికి అదే బయటికి పాకి, నిలవలేక పక్కకి ఒరిగిపోయింది.

రకేతక గబుక్కున పట్టుముక్క తెచ్చింది. "చుట్టు, చుట్టు! పొయ్యి దగ్గరికి జరుపు."

"వద్దత్తా. బయటికొచ్చాక దీనికి చల్లదనం కావాలి, నీళ్ళు కావాలి."

"ఇన్నాళ్ళూ వేడి వేడి అని నా ప్రాణం తీశావ్! ఇప్పుడు చలా? నీకు, దీనికి ఇద్దరికీ నిలకడ లేదు."

అతను దాన్ని పుల్లమీదికి ఎక్కించుకుని తుంపరలో చెట్టు దగ్గరికి వెళ్ళాడు. చిల్లుడబ్బా కింద తడిసిన ఆకుమీద దించాడు. చుక్క పక్కన పడింది. మరొకటి దాని తలమీదే పడింది. అది కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం తడుస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి ఆ నోరు సన్నగా తెరుచుకుని, ఆకు అంచుని వేలాడుతున్న నీటిని అందుకుంది. మళ్ళీ అందుకుంది.

రకేతక పై బట్ట తలమీదికి లాక్కుని చెట్టు మొదట్లో కూర్చుంది. చీమలు ఎక్కకుండా చూస్తుందట. సమాధుల్ని చూపేటప్పుడు మావాళ్ళు చేసినట్టు, దానివైపు వేలు మడిచి, కణుపుతో చూపించింది.

"ఆడదేనా?"

"ఏడాది పెరిగితే గాని తెలియదత్తా."

"మగదైతే?"

జారలాహి పై కొమ్మలోకి చూశాడు. ముసలి మగది అక్కడ నోరు తెరుచుకుని వాన తాగుతోంది. తర్వాత అతను నావైపు తిరిగాడు. "వల కంతలు పెద్దవి మేస్త్రీ, పిల్ల జారిపోతుంది. చీకటి పడకముందే సన్న వల కట్టు."

నేను వల తేవడానికి వెళ్ళాను.