అప్పన్న అంకుల్‌కి పడవలో పంపిన కవరు

2022 నవంబరు. సింగపూర్‌లో వానల నెల. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి, ముసలివాళ్ళ జీవితకథలు రికార్డు చేసే పనిలో చేరి అప్పటికి నాలుగేళ్ళయింది. దీన్ని ఓరల్ హిస్టరీ అంటారు. ఎవరి కథ వాళ్ళ నోటితోనే చెప్పించి, ఆ గొంతును భద్రంగా దాచడం. ఆ ఏడాది మా చిన్న బృందానికి దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ళ కథలు అప్పగించారు. దీవి అంటే పడవ ఎక్కాలి. నేను కాకినాడ దాన్నే గానీ, బుద్ధెరిగాక సముద్రంలో మోకాలి లోతు దాటి దిగిన పాపాన పోలేదు. చాంగీ జెట్టీ నుంచి పులావ్ ఉబిన్ దీవికి పది నిమిషాలే ప్రయాణం. ఆ పది నిమిషాలూ కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచేదాన్ని. "ఓన్లీ టెన్ మినిట్స్ లా, అమ్మా!" అని మా అమ్మాయి సింగపూర్ యాసలో అని పగలబడి నవ్వేది.

ఉబిన్‌లో నాకు దొరికిన మనిషి అప్పన్న అంకుల్. ఎనభై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చి, అక్కణ్ణుంచి ఈ దీవిలో గ్రానైటు క్వారీకి రాళ్ళు కొట్టడానికి వచ్చాడట. అంకుల్ వయసులో ఉన్నప్పుడు చిన్న పడవ నడిపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. క్వారీలు మూతపడ్డాయి, జనం సింగపూర్ ఫ్లాట్లలోకి వెళ్ళిపోయారు, ఈయన మాత్రం రేకుల కప్పు చెక్క ఇంట్లోనే ఉండిపోయాడు.

పక్క ఇల్లు సింహాచలం ఆంటీది. ఆవిడకి డెబ్భై ఆరు. వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు, కానీ రెండు పూటలా ఆయనకి అంత గంజి పోసేది ఆవిడే. ఆవిడ కొడుకు సింగపూర్‌లో పాసిర్ రిస్ అనే చోట ఉంటున్నాడు, వచ్చెయ్యమని ప్రాణం తీస్తాడు. "నానెల్లిపోతే ఈ ముసిలోడికి ముద్ద ఎవులెడతారు?" అనేది. ఆవిడ అన్నయ్య నారాయణ, అప్పన్న అంకుల్‌కి ప్రాణస్నేహితుడు. అరవై ఏళ్ళ కిందట చాంగీ నుంచి ఇద్దరూ సామాన్లతో తిరిగి వస్తుంటే పడవ బోల్తా పడింది. అప్పన్న ఒడ్డుకి చేరాడు, నారాయణ చేరలేదు. ఇది ఆ దీవిలో అందరికీ తెలిసిన కథే.

మూడోసారి రికార్డింగుకి వెళ్ళినప్పుడు ఆంటీ క్లినిక్ పని మీద చాంగీ వెళ్ళింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. రికార్డర్ నడుస్తోంది. నేను పడవ రేవుల గురించి ఏదో అడిగాను. ఆయన అది పక్కన పెట్టి, ఆ పడవ సంగతి ఎత్తుకున్నాడు.

"గాలికి పడవ తిరగబడిపోనాది. నాకో సెక్క పలక దొరికినాది. నారాయణ నా ఎనకాలే ఉన్నాడు. పిలిసినాడమ్మా, రెండుసార్లు. నాను ఇన్నాను."

"విని?"

"తల తిప్పితే ఆడొచ్చి పలక పట్టుకుంటాడు, ఇద్దరం ములిగిపోతాం అనిపించీసింది. తిప్పనేదు. ఒడ్డుకొచ్చి, గాలి హోరుకి ఏటీ ఇనపడనేదని సెప్పినాను. అరవై ఏళ్ళ బట్టీ అదే సెప్తన్నాను."

తరవాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నాను పోయినాక ఎవులైనా ఇనుకోండి. బతికుండగా సింవాసెలానికి తెలీకూడదు. తెలిస్తే అది నా మొకం సూడదు. నాకింకెవులున్నారు? ఒట్టెయ్యమ్మా."

ఒట్టేశాను. మా పనిలో దీనికో పద్ధతి ఉంది. చెప్పినవాళ్ళు కోరితే ఆ ముక్కని క్లోజ్డ్ అని గుర్తు పెట్టి, వాళ్ళు బతికున్నన్నాళ్ళూ ఎవరికీ వినిపించకుండా మూసేస్తాం. అలాగే మూశాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకున్న గౌరవం ఆ పూటే సగం పోయింది. ఎంత భయమైతే మాత్రం, స్నేహితుడు ప్రాణం పోతూ పిలుస్తుంటే తల తిప్పడా మనిషన్నవాడు అనుకుంటూ ఇంటికొచ్చాను.

రికార్డింగు అయ్యాక ట్రాన్‌స్క్రిప్ట్ తయారవుతుంది. అంటే మొత్తం మాటల్ని కాగితం మీదకి ఎక్కించడం. మాది ఇంగ్లీషులో ఉంటుంది. దాని డ్రాఫ్టు, మూసిన ముక్కలతో సహా, కథ చెప్పిన మనిషికి చూపించి తప్పొప్పులు దిద్దించుకోవాలి. చదువురాని వాళ్ళయితే మేమే వెళ్ళి, పక్కన కూర్చుని చదివి వినిపించాలి. అప్పన్న అంకుల్‌కి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. కాబట్టి నేనే వెళ్ళాలి.

వెళ్ళాను కూడా. జెట్టీ దాకా వెళ్ళాను. ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది, పడవలు కట్టిన చోటే ఎగిరెగిరి పడుతున్నాయి. నేను పడవ ఎక్కలేకపోయాను. దీవికి బియ్యం, గ్యాసు, మందులు, ఉత్తరాలు ఏవైనా పడవవాళ్ళ చేతికిచ్చి పంపడం అక్కడ మామూలే. నాకు తెలిసిన చైనీస్ పడవ అంకుల్ బయల్దేరబోతున్నాడు. డ్రాఫ్టు ఉన్న కవరు ఆయన చేతిలో పెట్టాను. ముందు ఇది అక్కడికి చేరిపోతే చాలు, ఎండ కాశాక వెళ్ళి చదువుదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"అప్పన్న కనాట్ రీడ్ లా," అన్నాడు పడవ అంకుల్. వెంటనే ఆయనే, "నో ప్రాబ్లం, నెక్స్ట్ డోర్ ఆంటీ ఆల్వేస్ రీడ్ ఫర్ హిమ్," అని కవరు చొక్కాలో దోపుకున్నాడు.

"ఓకే, థాంక్యూ అంకుల్," అన్నాను. నా నోటితోనే అన్నాను!

జెట్టీ పక్కనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి కాఫీ తెచ్చుకుని, ఒక గుక్క తాగాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. నెక్స్ట్ డోర్ ఆంటీ ఎవరు? ఆ పక్కన ఉన్నది ఒకే ఒక్క ఇల్లు. సింహాచలం ఆంటీ చిన్నప్పుడు నాలుగేళ్ళు ఇంగ్లీషు బడికి వెళ్ళింది. ఆయనకొచ్చే ఆస్పత్రి కాగితాలూ, గవర్నమెంటు ఉత్తరాలూ అన్నీ ఆవిడే చదివి చెప్తుంది. ఆ సంగతి స్వయంగా ఆయనే చెప్తే రికార్డు చేసుకున్నదాన్ని నేను! నేను మూస్తానని ఒట్టేసిన ముక్క పద్నాలుగో పేజీలో ఉంది.  కాఫీ అక్కడే వదిలేసి జెట్టీకి పరిగెత్తాను.

కవరు వెళ్ళిపోయింది. పిడుగుల హెచ్చరిక వచ్చిందని పడవలు ఆపేశారు. అంకుల్‌కి ఫోన్ లేదు. ఆంటీకి చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎందుకు ఎత్తడం లేదు? చదువుతోందా? చదివేసిందా? ఆ బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను.  ఆయన ఆ ఇంట్లో ఒంటరిగా మంచం మీద పడి ఉంటాడు, పిలిస్తే పలికేవాళ్ళు ఉండరు, అంతా నా వల్లే. కళ్ళ ముందు అదొక్కటే ఆడుతోంది.

పడవలు వదలగానే మొదటిదాంట్లో దూకాను. నీళ్ళు లోపలికి కొడుతున్నాయి, పక్కనున్నవాళ్ళు కెవ్వుమంటున్నారు. ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు. ఒడ్డు దిగి, బురదలో పడుతూ లేస్తూ వాళ్ళింటికి చేరాను.

కవరు చింపి ఉంది. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ తనలో తాను చదువుకుని తెలుగులో చెప్తోంది. అంకుల్ మంచం మీద గోడకి చేరబడి, కళ్ళు మూసుకుని, తన కథకి తనే ముసిముసిగా నవ్వుతున్నాడు. అది ఏ కాగితమో ఆయనకి తెలీదు. మందుల చీటీలు కూడా వారానికోసారి అలాగే చదివించుకుంటాడు మరి.

"ఏటమ్మా, ఇంత వానలో!" అంది ఆంటీ. "కూకో. పదమూడో కాయితం అయిపోనాది."

"ఆంటీ, అందులో తప్పులున్నాయి. ఇటివ్వండి, సరిచేసి తెస్తాను."

"నాను సదివీసినాక తీసికెల్లు." పేజీ తిప్పేసింది.

నా గొంతు విని అంకుల్ కళ్ళు తెరిచాడు. నా మొహం చూశాడు, ఆంటీ చేతిలో కాగితాలు చూశాడు. ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆ కళ్ళలోని భయం ఈ జన్మకి మర్చిపోలేను.

ఆవిడ వేలు లైను వెంట జరుగుతూ ఒక చోట ఆగింది. పైన రేకుల మీద వాన దబదబ కొడుతోంది.  అప్పుడు ఆవిడ తలెత్తకుండా అంది, "ఆ పొద్దు గాలి హోరుకి ఏటీ ఇనపడనేదని రాసినారు. అంతే కదా నువ్వు సెప్పినాది?"

అంకుల్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆంటీ కాగితాలు మడిచి కవర్లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. అంకుల్ నా వైపు తిరిగి గుసగుసగా, "ఆ ముక్క రాసినావా?" అన్నాడు.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "రాశాను అంకుల్. అక్కడే ఉంది. తప్పు నాదే," అన్నాను.

ఆంటీ గంజి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.  ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అన్న నిన్ను ఏమని పిలిసినాడు?"

నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నాకు ఆ ప్రశ్న తోచనే లేదు. రెండుసార్లు పిలిచాడు అనగానే ఆయన తల తిప్పలేదన్న చోటే నా మనసు ఆగిపోయింది. పిలిచినవాడు ఏమన్నాడో అడగాలనిపించలేదు.

"ఒకపాలి 'ఒరే అప్పిగా' అన్నాడు," అన్నాడు అంకుల్. ఏడుస్తున్నాడు. "రెండోపాలి నన్ను పిలవనేదు. నీ పేరెట్టి పిలిసినాడు."

 ఆంటీ గిన్నె ఆయన వైపు జరిపి, "తిను. సల్లారిపోతాది," అంది.

ఆ తరవాత ఆయనకి గంజి ఏ పూటా ఆగలేదు. అయితే ఆవిడ గిన్నె పెట్టేసి, మాట్లాడకుండా వెళ్ళిపోతోందని పడవ అంకుల్ రెండు నెలలపాటు చెప్తూ వచ్చాడు. తరవాత ఒకరోజు, ఇద్దరూ మళ్ళీ మునుపటిలా గంజిలో ఉప్పు గురించి పోట్లాడుకుంటున్నారని చెప్పాడు. అది విని బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

జరిగినదంతా ఆఫీసులో ఒప్పుకున్నాను, పడాల్సిన చీవాట్లు పడ్డాను. అప్పన్న అంకుల్‌ని తప్పుపట్టడం మాత్రం మానేశాను. ఆయన ఇరవై నాలుగేళ్ళ వయసులో, నడిసముద్రంలో, ప్రాణం మీదికొస్తే తల తిప్పలేదు. నేను లైఫ్ జాకెట్ ఇచ్చే పడవలో పది నిమిషాలు కూర్చోలేక, ఆయన ప్రాణంలాంటి మాటని కవర్లో పెట్టి పరాయి చేతికిచ్చాను. ఇప్పుడు ఎవరి దగ్గరికి రికార్డర్ పట్టుకెళ్ళినా, మొట్టమొదట అడిగేది వాళ్ళ ఊరూ పేరూ కాదు. "మీ ఉత్తరాలు మీకు ఎవరు చదివి పెడతారు?" అని అడుగుతాను.