ముహూర్తానికి ట్రంపెట్

నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తల్లో మా ఇంటి వెనక వాటాలో ఒక ట్రంపెట్ మాస్టారు ఉండేవారు. సికింద్రాబాదు క్రైస్తవ కుటుంబం. రోజూ రైల్వేలో గుమస్తా పని, ఆదివారం సాయంత్రాలు ఆబిడ్స్‌లో ఒక హోటల్లో జాజ్ బ్యాండు. బందరులో నేర్చుకున్న వర్ణాలు నేను వయొలిన్ మీద వాయించుకుంటుంటే గోడ అవతల నుంచి ఏడాదిపాటు విని, ఒకరోజు నాన్న దగ్గరికి వచ్చారు.

"మా ఫిడేలాయన బొంబాయి పోయిండు సార్. మీ బిడ్డను జర పంపున్రి."

నాన్న చాలాసేపు ఆలోచించి, తనూ వచ్చి కూర్చునే షరతు మీద ఒప్పుకున్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ముందు బల్ల దగ్గర, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని, టీ తాగుతూ తాళం వేసేవారు.

జాజ్ బ్యాండన్న మాటేగానీ మేం వాయించనిది లేదు. ఎవరైనా చీటీ మీద పాట పేరు రాసి పంపితే మాస్టారు చూసి "ఔ, వస్తది" అనేవారు. ఆ తర్వాతే మావైపు తిరిగి, "ఎవలికన్నా వస్తదా?" అని అడిగేవారు. అమెరికా రికార్డుల్లోంచి పట్టుకున్న పాట వెనకే ఖవ్వాలీ, ఆ వెనక చర్చి కీర్తన, సినిమా పాట. ఒక పెద్దాయన జోలపాట కోరితే దాన్నీ డాన్సు పాట చేసేశాం. ఆయన భార్య చెయ్యి పట్టుకుని రెండు చుట్లు తిరిగారు.

ఒకసారి నాన్న స్నేహితుడి కూతురి పెళ్లి విందుకి మమ్మల్ని కుదుర్చుకున్నారు. పొద్దున్నే వెళ్లి వాయిద్యాలు సర్దుకుంటున్నాం. పెళ్లికూతురి తండ్రి చెమటలు కక్కుతూ వచ్చారు.

"మాస్టారూ, మేళంవాళ్ల రైలు ఖాజీపేటలో ఆగిపోయిందట. మంగళవాద్యం లేకుండా తాళి ఎలా కట్టిస్తామండీ? మీకేమన్నా వస్తుందా?"

"ఔ, వస్తది," అన్నారు మాస్టారు.

ఆయన్ని వంటశాల వెనక్కి లాక్కెళ్లి మోహన రాగం వాయించి చూపించాను. అయిదే స్వరాలు. రెండోసారికే ట్రంపెట్ ఎత్తారు.

"గివి మా పాటల్ల ఉన్నవే కదమ్మా. మీరు జర ఊపి వాయిస్తరు, గంతే."

డ్రమ్ముల అతనికి మాత్రం దిగులు పట్టుకుంది. "నేనెప్పుడు కొట్టాలె సార్?"

"పంతులుగారు సైగ చెయ్యగానే నేను గొడుగు పైకెత్తుతాను," అన్నారు నాన్న. "గట్టిమేళమంటే పక్కవాడి తుమ్ము కూడా వినపడకూడదు. అలా కొట్టాలి."

"గదొక్కటి నాకొదిలెయ్యున్రి."

మొదలుపెట్టాం. ముసలమ్మలు ముందు ముక్కున వేలేసుకున్నా, కాసేపటికి తలలూపసాగారు. అంతలో గుమ్మంలో నాన్నకి పాత స్నేహితుడొకాయన కనిపించారు. చేతిలో గొడుగున్న సంగతి మరిచిపోయి నాన్న చెయ్యి ఊపారు.

డ్రమ్ములు, ఇత్తడి తాళాలు, ట్రంపెట్, శాక్సఫోను ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. హాలంతా లేచి అక్షింతలు వేసేసింది. పంతులుగారు మంత్రం మధ్యలో నోరు తెరుచుకుని ఉండిపోయారు.

"ఇంకా జీలకర్ర బెల్లమే పెట్టలేదు నాయనా," అన్నారు చివరికి, మైకులో.

ముందు నవ్వింది పెళ్లికూతురు, అడ్డుతెర వెనక నుంచి. ఆ తర్వాత ఎవరూ ఆగలేకపోయారు. నాకు వయొలిన్ కమాను పట్టుకోవడం కూడా కష్టమైంది.

"ఇంకోపాలి కొట్టుడే కదా, ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు డ్రమ్ముల అతను.

వంటశాలలో బేసిన్ నిండా మళ్లీ అక్షింతలు కలిపారు. గొడుగు అమ్మ లాగేసుకుంది. ఈసారి పంతులుగారు సైగ నేరుగా డ్రమ్ములవైపే చేశారు. తాళి కట్టడం పూర్తయినా గట్టిమేళం ఆగలేదు. పంతులుగారు వేళ్లతో పీట మీద దరువు వేస్తూ ఓపిగ్గా ఎదురుచూశారు.

మేళంవాళ్లు భోజనాల వేళకి చేరారు. నాదస్వరం పెద్దాయన సిగ్గుపడుతూ మా పక్కన కూర్చుని కాసేపు విన్నారు.

"ఈ మోహనం ఎవరు చెప్పారండీ?"

మాస్టారు నన్ను చూపించారు. పెద్దాయన నాదస్వరం తీసి అందుకున్నారు. మాస్టారూ ఆయనా ఎదురెదురుగా వాయిస్తుంటే విస్తళ్ల ముందు నుంచి జనం లేచి వచ్చేశారు. వంటాయన గరిటెతో వచ్చి "పులుసు చల్లారిపోతోందండీ" అని బతిమాలాడు.

పెద్దాయన ఊరికి తిరిగి వెళ్లకుండా ఆదివారం దాకా మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆ సాయంత్రం ఆబిడ్స్ హోటల్లో నాదస్వరానికి జంటలు డాన్సు చేశాయి. రోడ్డు మీద వెళ్లేవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఎవల పెండ్లి?" అని అడుగుతుంటే, నాన్నే ఎదురెళ్లి లోపలికి రమ్మని కుర్చీలు చూపించారు.