ఏం సమజైంది, చెప్పు

రాజలింగం ఎవరికి ఏ మాట చెప్పినా చెప్పి ఊరుకునేవాడు కాదు. "ఏం సమజైంది, చెప్పు" అని ఆ మాటనే వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకునేవాడు. చెప్పేదాకా కదలనిచ్చేవాడు కాదు.

సూరత్‌లో, డిండోలి దగ్గర, తెలంగాణ నుంచి వలసవచ్చిన నేతవాళ్లు పనిచేసే ఓ మరమగ్గాల కార్ఖానాలో ఆయన సూపర్‌వైజరు. టీ కొట్టతను "రెండు కటింగ్ చాయ్, ఒకదాంట్లో చక్కెర తక్కువ" అని అప్పజెప్తే గానీ బెంచీ మీద కూర్చునేవాడు కాదు. ఆటోవాళ్లు ఆయన్ని వంద గజాల దూరంలో చూస్తూనే వెళ్లాల్సిన దారి మలుపులతో సహా వల్లించేవారు. తన పెళ్లిలో మంత్రం చెప్పమన్న పురోహితుణ్ణి కూడా ఆపి, ముందు ఆయనకేం సమజైందో చెప్పమన్నాడట. ఇది కార్ఖానాలో పుట్టిన మాటే గానీ, నమ్మనివాడు లేడు.

అలాంటి చోటికి వచ్చిపడింది వీణ. తెలుగువాడైన రైల్వే ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. నాణ్యతకిచ్చే ఐఎస్ఓ సర్టిఫికెట్ కోసం కార్ఖానాను సిద్ధం చేయడం ఆమె పని. సర్టిఫికెట్ వస్తే ముంబై నుంచి ఏడాదికి సరిపడా ఆర్డరు వస్తుంది. రాకపోతే ఒక షిఫ్టు మూసేస్తానని యజమాని శేఠ్ చెప్పేశాడు. అంటే ముప్పైమంది ఇంటికి పోవాలి.

చేతిలో మూడు నెలలే ఉన్నాయి. వీణ ఒళ్లు తెలియని ఉత్సాహంతో పనిచేసింది. పోగు తెగితే ఏం చేయాలి, మరక పడితే ఏం చేయాలి అని చక్కటి ఇంగ్లీషులో రాసి, లామినేషన్ చేయించి రాజలింగానికి ఇచ్చింది.

"ఇవి ప్రతి మగ్గం దగ్గరా వేలాడదీయించండి."

"సరే బిడ్డా. ఏం సమజైంది, చెప్పు."

"చెప్పింది నేనే కదండీ."

"అందుకే. చెప్పినోళ్లకు సమజైందో లేదో ముందు తెల్వాలె గద."

శేఠ్‌కూ తప్పలేదు. మీటింగులో నాణ్యతా విధానం చదివి కూర్చోబోతుంటే రాజలింగం చేతులు కట్టుకుని లేచాడు. "శేఠ్‌జీ, ఏం సమజైందో జర చెప్పుండ్రి." శేఠ్ రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. మర్నాటి నుంచి కారులో అదే వల్లిస్తున్నాడని డ్రైవరు చెప్పాడు.

తనిఖీ రోజు వచ్చింది. ఆడిటర్ మేడమ్ నేరుగా నేతపనివాడు కనకయ్య మగ్గం దగ్గర ఆగి, వేలాడుతున్న కాగితం చూపించి హిందీలో అడిగింది. "ఇందులో ఏముందో చదివి చెప్పండి."

కనకయ్య వీణ చెవి దగ్గరికి వంగాడు. "బిడ్డా, నాకు సదువు రాదు. ఇంగ్లీషే గాదు, తెలుగు గూడ రాదు."

మూడు నెలల్లో ఈ సంగతి వీణ ఎవరినీ అడగలేదు.

వెనక నుంచి రాజలింగం నెమ్మదిగా హిందీలోనే అన్నాడు. "మేడమ్, చదవమనకుండ్రి. పోగు తెగితే ఏం చేస్తవని అడుగుండ్రి."

మేడమ్ అడిగింది. కనకయ్య వెన్ను నిటారైంది.

"మగ్గం సాంచె ఆపుత. ముడేస్త. పక్కనున్న రెండు పోగులు గూడ పట్టి చూస్త. బట్ట అంచుకు ఎర్రదారం కట్టి సూపర్‌వైజరుకు నంబరు చెప్త. ఆయన చూసినంకనే మళ్ల నడుపుత."

వీణ కాగితం మీద వేలు పెట్టి సరిచూసుకుంది. ఒక్కటీ తప్పలేదు. పైగా పక్క పోగుల సంగతి ఆమే రాయడం మరిచిపోయింది. మేడమ్ ఇంకో ఐదుగురిని అడిగింది. ఒక్కరూ తడబడలేదు.

మధ్యాహ్నం వీణ రాజలింగాన్ని పట్టుకుంది. "చదువు రానివాళ్లు ఎంతమంది?"

"పద్నాలుగు మంది."

"మరి ఏం సమజైందని వాళ్లనే అడిగితే సరిపోయేది కదా. శేఠ్‌ని, నన్ను ఎందుకు అడగడం?"

"గా పద్నాలుగు మందినే అడిగితే, ఎవలకు సదువు రాదో రెండు దినాల్ల కార్ఖానంత తెలుస్తది. అందరిని అడిగితే ఎవలనీ అడిగినట్టు గాదు."

"సరే, మరి టీ కొట్టతను?"

రాజలింగం తల గోక్కున్నాడు. "గది అలవాటైపోయింది బిడ్డా."

సాయంత్రం మేడమ్ సర్టిఫికెట్‌కు సిఫారసు చేస్తున్నానని చెప్పింది. కార్ఖానా అంతా మిఠాయి పంచుకుంది. కార్ఖానా మొత్తం మీద ఆమెకు దొరికిన తప్పు ఒక్కటే: పనివాళ్లకు రాని భాషలో కాగితాలు. అది వీణ తప్పు.

మర్నాడు వీణ రంగు పెన్నులు పట్టుకుని కనకయ్య మగ్గం పక్కన స్టూలు వేసుకుంది. ముడి బొమ్మ గీస్తుంటే ఆయన తొంగిచూశాడు.

"గిట్ల ముడేస్తె బట్ట కాదు, వల అయితది. ఇటియ్యి."

పెన్ను లాక్కుని, నాలుక పంటికింద పెట్టుకుని, పోగు పోగు గీశాడు. ఇప్పుడు ప్రతి మగ్గం మీదా ఉన్నది ఆ బొమ్మే. అడుగున "తయారుచేసినవారు" అన్న గడిలో వీణ కనకయ్య పేరు రాసింది. ఆ గడిలో ఏముందో మాత్రం ఆయన రోజుకొకరి చేత చదివించుకుంటున్నాడు.