చెప్పకుండా మూసిన మడవ

1944 డిసెంబరు, రెండో ఆదివారం, మధ్యాహ్నం. దేవనహళ్ళి దగ్గర మా ఊళ్ళో నారాయణప్ప ఇంటి అరుగు. ఉన్నవాళ్ళు: పొలం యజమాని నారాయణప్ప, ఆ పొలాన్ని కోరుకు, అంటే పంటలో వంతుకు చేస్తున్న వెంకటరామప్ప, అతని భార్య గంగమ్మ, పక్క పొలం వాడినైన నేను.

డైరీలో ప్రతి పేజీనీ ఇలాగే మొదలుపెట్టడం నా అలవాటు. ఆనాటి పేజీ కూడా ఇలాగే మొదలైంది. కానీ ఈ నాలుగు పేర్ల కింద రాయవలసినదాన్ని రాయలేదు. ఆ రాయని మాటను ఇన్నేళ్ళూ మోశాను. ఉద్యోగం దిగిపోయింది. సంసార బాధ్యతలు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. ఇది దిగలేదు. మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు. నా ధైర్యం అదే.

అప్పట్లో నాకు బెంగుళూరులో గుమాస్తా పని. ఆదివారాలు రైలెక్కి పొలానికి వెళ్ళేవాడిని. మా రెండు పొలాల పక్కనా ఒకే మురుగు కాలువ. వెంకటరామప్ప చేసేది ఎగువన, నాది దిగువన. వాన ఎక్కువైతే నీళ్ళు ఆ కాలువలోకి దిగి పోవాలి. అయితే మాది ఎర్రనేల. నీళ్ళన్నీ పోనిస్తే నాలుగు ఎండలకే పదును ఆరిపోతుంది. అందుకని నా పొలం చివర కాలువకు అడ్డంగా రాతితో మడవ కట్టించుకున్నాను. రాళ్ళకు గాడి, గాడిలో చెక్క పలక. పలక దింపితే నీళ్ళు కాలువలో నిలిచి పక్క నేలలోకి ఊరుతాయి. ఎత్తితే వెళ్ళిపోతాయి.

పలక దింపేముందు దిగువవాడు ఎగువవాడికి చెప్పాలి. అది మా వైపు కట్టుబాటు. మనిషి ఇంట్లో లేకపోతే కాలువలోని తడిమట్టి ముద్ద ఒకటి గడప పక్కన పెట్టి రావాలి. దాన్ని చూసినవాడు మబ్బుల మీద ఒక కన్నేసి ఉంచుతాడు. వాన పట్టేలా ఉంటే తానే వెళ్ళి పలక ఎత్తేస్తాడు. ఆ హక్కు అతనిది.

ఆ ఏడు అక్టోబరులో రాగి గింజ పాలుపోసుకునే వేళకు వానలు ఆగిపోయాయి. యుద్ధం రోజులు. పట్నంలో గింజ దొరకడం లేదు. కాలువలో పారుతున్న కాసిని నీళ్ళయినా నిలుపుకుందామని ఒక ఆదివారం సాయంత్రం పలక దింపాను. వెంకటరామప్ప ఇల్లు ఊరికి ఆ చివర. రైలుకు వేళవుతోంది, వచ్చే వారం చెప్పవచ్చులే అనుకున్నాను. అంతేనా? అంతే కాదు. చెబితే వద్దంటాడేమోనన్న అనుమానం కూడా ఉంది. అడిగి కాదనిపించుకోవడం కంటే అడగకపోవడమే మేలనిపించింది.

రెండు రోజులకు వాన పట్టుకుంది. విడవలేదు. బెంగుళూరులో ఆఫీసు పెంకుల మీద ఆ చప్పుడు వింటూ నా నేల తడుస్తోందని సంతోషించాను. వెంకటరామప్ప పొలం మూల పల్లమని నాకు తెలియదా? తెలుసు. ఒక పూట సెలవు పెట్టి వెళ్ళి రాలేనా? రాగలను. వెళ్ళలేదు.

మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి కాలువ నిండి, ఎత్తైన నా గట్టు దాటలేక, అతని పల్లపు మూల మీదికి పొర్లి ఉంది. అక్కడి రాగి పసుపు పచ్చగా మారి నీళ్ళలో వాలిపోయింది. అతను తన వైపు కాలువలో మోకాటి లోతున దిగి పూడిక తవ్వుతున్నాడు. రోజుల తరబడి తవ్వుతూనే ఉన్నాడట. బురద నీళ్ళ కింద పలక పైకి కనబడదు. నా మడవ దాకా వచ్చి తడిమి చూడాలని అతనికి తోచలేదు. ఎందుకు తోస్తుంది? గడప పక్కన మట్టిముద్ద లేదు కదా.

అతను భోజనానికి వెళ్ళినప్పుడు పలక ఎత్తేశాను. సాయంత్రానికి నీళ్ళు దిగిపోయాయి. తన తవ్వకం వల్లే దిగాయని అతను అనుకున్నాడు. ఆ మాట నాతోనే చెప్పి, అలసిపోయి నవ్వాడు.

నాకు రాగి బాగా పండింది. అతనికి మిగిలింది చాలావరకు గడ్డే. ఆ సంగతి తేల్చడానికే డిసెంబరులో ఆ అరుగు మీద కూర్చున్నాం. నారాయణప్ప చెడ్డవాడు కాదు. కారణం తెలుసుకోవాలనే నా వైపు తిరిగి అడిగాడు.

"నీ మడవ గాని మూసుంటివా అప్పా? ఊరికే ఆ మూల మునిగేది కాదే."

నేను నోరు తెరిచాను. ఈనాటికీ అనుకుంటాను, ఆ క్షణం నిజమే చెప్పబోయానని. నమ్మకంగా మాత్రం అనలేను. నాకంటే ముందు వెంకటరామప్ప అందుకున్నాడు.

"మూసింటే చెప్పకుండా ఉంటాడా? గుమాస్తా గదప్పా ఈయప్ప. మట్టిముద్దతో పోనిచ్చేవాడా? అర్జీ రాసి, నా చేత రసీదు కూడా తీసుకోని పోయింటాడు."

అందరూ నవ్వారు. గంగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

అబద్ధం చెప్పానా అంటే, ఒక్క అక్షరం చెప్పలేదు. నా బదులు అతనే చెప్పాడు, నా మీద నమ్మకంతో. ఆ నవ్వు ఆగాక, అయితే కాలువ సకాలంలో తవ్వుకోకపోవడం నీ సోమరితనమేనని నారాయణప్ప వెంకటరామప్పతో తేల్చేశాడు. ఉగాది నుంచి పొలం వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు. ఈ ఒక్క ఏడూ చూడరాదా అని నేను మెల్లగా ఒక మాట వేశాను. అది దయా? నన్ను నేను దాచుకోవడమా? రెండూ కలిసి ఉంటాయేమో. నారాయణప్ప తల అడ్డంగా ఊపాడు.

ఆ మొగుడూ పెళ్ళాలు ఉగాదికి ముందే ఊరు విడిచారు. బెంగుళూరులోనే మిల్లు కూలికి చేరారని విన్నాను. ఒకే ఊళ్ళో ఉండి కూడా వెతకలేదు. కనబడితే చెప్పాల్సి వస్తుందని.

మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆ పేజీ కింద ఉండవలసినది ఇప్పుడు ఇక్కడ ఉంది, అంతే. రాస్తూ ఉంటే ఊపిరి కొంచెం కిందిదాకా అందుతోంది. ఇక మిగిలింది ఆ అరుగు మీద కూర్చున్న మర్నాటి ఉదయం సంగతి.

మర్నాడు ఉదయం రైలుకు బయలుదేరుతున్నాను. గంగమ్మ కొంగులో ఏదో మూట కట్టుకుని గట్టు వెంబడి వచ్చింది. రాగి చాళ్ళ మధ్య వేసిన అనపకాయలు. మెరక మీద ఉన్న చాళ్ళు మాత్రం మునగలేదట.

"మా కోసం ఒక మాట అంటివి గదప్పా," అంది. "ఊరంతటిలో నువ్వొక్కడివే."

నేను సంచీ మూతి తెరిచి పట్టాను. ఆమె కొంగు విప్పి, అన్నీ అందులో పోసింది.