వేపకొమ్మ పాతినవాళ్ళే పీకాలి

ఈమధ్య గుంటూరు శివారులో నేను ఒకప్పుడు పనిచేసిన పత్తి పరిశోధనా కేంద్రం గేటు దగ్గర బస్సు ఆగితే, లోపలి గోడకు కొత్త బోర్డు కనిపించింది. అందరికీ భద్రత, అందరికీ గౌరవం అని రాసి ఉంది. మంచి మాటే. అయితే ఆ మాట బోర్డు ఎక్కకముందు మా బృందంలో ఎలా నడిచిందో చూసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం గనుక, ఎవరో ఒకరు రాసి పెట్టాలని కూర్చున్నాను.

తొంభైల చివర నేనక్కడ పొలం సహాయకుణ్ణి. ఇంటర్ తప్పి చదువు ఆపినా, జిల్లా గ్రంథాలయంలో వృక్షశాస్త్రం బీరువా అంతా చదివానన్న గర్వం ఉండేది, అందుకే కోరి, రెండు రకాలు కలిపి కొత్త విత్తనం తీసే సంకరం పనిలో చేరాను. మర్నాడు విచ్చబోయే మొగ్గల్లో సాయంత్రమే కేసరాలు తీసి ఎర్ర కాగితం తొడగాలి, పొద్దున్నే వేరే రకం పుప్పొడి అద్దాలి. మధ్యాహ్నం దాటితే ఆ పువ్వు ఇక పనికిరాదు. ఈ నాజూకు పనంతా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు చేసేవారు. ఒకసారి వాళ్ళలో ఒకామె పురుగుమందు కొట్టిన మడిలో కళ్ళు తిరిగి పడిపోయినా, నోరు విప్పితే రేపు పనికి పిలవరని ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత మా బృందానికి పెద్దగా వచ్చిన మేడమ్ గారు రెండు పద్ధతులు పెట్టారు. కూలీలు మోటారు షెడ్డు దగ్గర విడిగా సొంత గ్లాసుల్లో తాగే టీ, ఆఫీసు వరండాలోకి, అందరి గ్లాసుల్లోకి వచ్చింది. అది నచ్చక మాలో ఇద్దరు కొన్నాళ్ళు టీయే మానేశారు గానీ, తలనొప్పికి ఓర్వలేక మళ్ళీ మొదలెట్టారు. రెండోది వేపకొమ్మ. మడికి మందు కొట్టారేమోనని అనుమానం వస్తే, సైంటిస్టయినా కూలీ అయినా గట్టున కొమ్మ పాతవచ్చు. పాతినవాళ్ళే పీకాలి, అందాకా ఎవరూ మడిలో దిగకూడదు.

మేడమ్ గారి దగ్గర డాక్టరేటు చేస్తున్న యువకుణ్ణి చిన్న సారు అనేవాళ్ళం. ఆ ఏడు ముసుర్లకు పూత రాలిపోగా, మిగిలిన మొగ్గలకు కాగితాలు తొడిగించుకున్నాడు. మర్నాడు ఉదయం పుప్పొడి అద్దకపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. సరిగ్గా ఆ ఉదయమే, మేమంతా పెద్దమ్మ అని పిలిచే కూలీల పెద్ద, గట్టెక్కగానే మందు వాసన పట్టి కొమ్మ విరిచి పాతేసింది. కొట్టిందీ లేనిదీ చెప్పగలిగిన మందు కొట్టే మనిషేమో పెళ్ళికని వేటపాలెం వెళ్ళాడు.

“మన మడికి కొట్టలేదు పెద్దమ్మా. దణ్ణం పెడతా, పీకు,” అన్నాడు చిన్న సారు.

“దణ్ణాలు దేవుడికి పెట్టు నాయనా. నా కోడలికి ఐదో నెల. కొట్టలేదని నువ్వు చూశావా?”

“ముందు సారుని దింపండే, పడిపోకపోతే మనం దిగుదాం,” అని వెనకనుంచి ఒకామె అంటే అందరూ నవ్వారు. అతను నిజంగానే ప్యాంటు మడిచాడు. “నువ్వూ ఒక తల్లి బిడ్డవేరా, దిగమాక,” అని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

అప్పటికి మేడమ్ గారు వచ్చారు. ఆ సంకరాలు ఆమె పరిశోధనకూ ప్రాణమే. గాలి పక్క రైతు చేలోంచి వస్తున్నట్టుందని అన్నారు. పెద్దమ్మ కదల్లేదు. మేమందరం మేడమ్ గారి చేతుల వంక చూస్తున్నాం. ఆమె చేతులు కట్టుకుని గట్టుమీద కూర్చున్నారు. “నేను పీకితే రేపటినుంచి ఎవరూ పాతరు,” అని చిన్న సారుతో అన్నారు, అంతే. ఎండెక్కి పువ్వులు వడలిపోయాయి.

మధ్యాహ్నం వచ్చిన మందు కొట్టే మనిషి, మా మడికి కొట్టనే లేదన్నాడు. వాసన పక్క చేనిదే. పెద్దమ్మ మొహం కందిపోయింది, రేపటినుంచి పనికి రానంది.

“అనుమానం వస్తే మళ్ళీ పాతుతానంటే రా. పాతనంటే మాత్రం మానెయ్,” అన్నారు మేడమ్ గారు.

ఆమె మర్నాడు వచ్చింది. చిన్న సారు డిగ్రీ ఏడాది ఆలస్యంగా అందుకున్నాడు.

ఇప్పుడక్కడికి కూలీలు ఆటోల్లో వస్తారట, ఏ రోజు ఎవరొస్తారో మేస్త్రికే తెలుసట. పొద్దున వచ్చి సాయంత్రం పోయే మనిషి, పేరైనా అడగని చోట, ఆగండి అని ఏ ధైర్యంతో అంటుంది?

ఇవన్నీ గుర్తుచేసిన పెద్దమ్మ కోడలు రత్నకుమారికి, ఇది చదివి, పెద్దమ్మ ఆ కొమ్మ పొరపాటున పాతిందని కూడా దాచకుండా రాయమన్న చిన్న సారు రవీంద్ర గారికి, మేడమ్ సుశీల గారికి నా కృతజ్ఞతలు. పెద్దమ్మ పేరు సువార్తమ్మ. ఆమె పోయిన తర్వాత గానీ నేనా పేరు అడగలేదు.