ముసల్లం గారి సాక్ష్యం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, ఒమాన్‌లోని సలాలాలో ఖరీఫ్ అనే వానాకాలం మొదలైన రోజుల్లో ముసల్లం గారి కేసు నా దగ్గరకు వచ్చింది. మాది కాకినాడ. సలాలాలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట్లాడటం నేర్పడం నా పని. పేర్లు మార్చి ఈ సంగతి రాస్తున్నాను.

ముసల్లం గారు అరటితోటల ఆసామి, డెబ్బై దాటిన మనిషి. ఆయనకు వచ్చినదాన్ని అఫేసియా అంటాం. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. అయితే ఏళ్ళ తరబడి అలవాటైన ప్రార్థనలు, పలకరింపులు ఒక్కోసారి వాటంతటవే వచ్చేస్తాయి.

వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు కోడలు సల్మా దిగులుగా చెప్పింది. "భోజనం పెట్టినప్పుడల్లా ఏదో పిచ్చిమాట అంటున్నారు. మతి కూడా పోతోందా?"

ఆ మధ్యాహ్నం పళ్ళెం తెచ్చి ముందు పెట్టగానే ఆయన నా వైపు తిరిగి, "బువ్వ దిన్నవా?" అన్నారు.

అది తెలంగాణ యాసలో తెలుగు మాట. "తిన్నాను తాతా" అన్నాను తెలుగులోనే. ఆయన ముఖమంతా నవ్వయింది.

కొడుకు సయీద్ అసలు సంగతి చెప్పాడు. "అది లింగయ్య భాష. నేను బడికి వెళ్ళే రోజుల్లో మా తోటలో పనిచేసేవాడు. అతనూ నాన్నా ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. ఒకరోజు తోటలోనే ఎవడో అతన్ని కత్తితో పొడిచి చంపాడు. వాడికి శిక్ష పడింది. కళ్ళారా చూసిన నాన్న కోర్టులో చెప్పారు కానీ ఇంట్లో ఏనాడూ ఆ ఊసెత్తలేదు. లింగయ్య ఇంటికి ఫోన్ చేయించారు. భాష కలవక అక్కడితో ఆగిపోయింది."

"లింగయ్య ఇంటివాళ్ళతో మాట్లాడతారా?" అని ముసల్లం గారిని అడిగాను. పక్షవాతం రాని చేత్తో నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

మేం సరుకులు కొనుక్కునే కొట్టు యజమాని ఎల్లన్నది తెలంగాణలో జగిత్యాల వైపు. లింగయ్యదీ ఆ ప్రాంతమేనని సయీద్ ద్వారా తెలిసి, తన ఫోన్‌లోని ఊరివాళ్ళ గ్రూపులన్నిటిలో అడిగాడు. కొన్నాళ్ళకు లింగయ్య కూతురు సుజాత దొరికింది. బీడీలు చుట్టుకుని బతుకుతోంది. నేను ఫోన్ చేసి ముసల్లం గారి సంగతి చెప్పాను.

"మేడం, మా నాయిన తాగి కొట్లాడి సచ్చిండని ఊరంత అన్నరు. నన్ను గన్న అవ్వ ఆ మాటలు మోసుకుంటనే పోయింది. నిజమే అయితే నిజమనే చెప్పుండ్రి. నాకు తెల్వాలె."

చూసిన మనిషి ఉన్నాడు. ఆయనకు మాట లేదు. థెరపీలో మామూలుగా మొదటి అక్షరం అందిస్తాం, పెదవులు కదిపి చూపిస్తాం. ఇక్కడ ఆ పని చేస్తే అది నా సాక్ష్యమవుతుంది. అందుకని ఆ సంగతి జోలికే పోకుండా అవును, కాదు, ఒకటి, ఇక్కడ, మధ్యలో లాంటి రోజువారీ అరబ్బీ మాటలే సాధన చేయించాను. చేత్తో తాళం వేస్తూ, పాడుతున్నట్టు పలికిస్తే కొందరికి మాట తేలిగ్గా వస్తుంది. ఆయనకూ వచ్చింది. విసుగొచ్చి దిండు విసిరేసిన రోజులూ ఉన్నాయి. మళ్ళీ ఆయనే దాన్ని తెమ్మని సైగ చేసేవారు.

ఒక శుక్రవారం వీడియో కాల్ కలిపాం. సుజాత ముఖం తెరమీద కనబడగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"మా నాయిన ఆనాడు తాగిండా?" అని అడిగింది. నేను అరబ్బీలో చెప్పాను.

"లా" అన్నారు. కాదని.

అఫేసియాలో అవును, కాదు తారుమారవుతుంటాయి. అందుకే ప్రశ్నను తిప్పి అడుగుతాం. "ఆ రోజు లింగయ్య తాగకుండానే ఉన్నాడా?" అన్నాను.

"ఐవా" అన్నారు గట్టిగా. అవునని.

తర్వాత మంచం మీదికి వంగి దిండును ఒక పక్కన, నీళ్ళ సీసాను ఇంకో పక్కన పెట్టారు. "వాహద్... వాహద్..." ఒకడు, ఇంకొకడు. ఆ రెండూ ఢీకొన్నట్టు చూపించారు. తన అరచేతిని వాటి నడుమ నిలబెట్టి, "లింగయ్య... బిన్నుస్" అన్నారు. మధ్యలో అని. ఆ చేతిని పక్కకు ఒరిగించారు. ఆపైన తన ఒడిని తట్టి చూపించారు. ప్రాణం పోయేటప్పుడు లింగయ్య తల అక్కడ ఉందని.

నేను తెలుగులో చెప్పబోయేలోపే సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. "కొట్లాట ఆప వోయిండా మా నాయిన? బాపూ, ఆయన తలకాయ నీ ఒళ్ళె వెట్టుకున్నవా?"

ఆమె మాటలు ఆయనకెంత అర్థమయ్యాయో తెలియదు కానీ తలూపుతూ ఫోన్‌ను చేత్తో నిమిరారు. సయీద్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి సుజాత తేరుకుంది. "ఇంకోపారి చెప్పియ్యుండ్రి మేడం. మా కాకలు గూడ ఇనాలె" అంది.

ఆ తర్వాతి శుక్రవారం చిన్నాన్నలను, ఇరుగుపొరుగును అందరినీ ఫోన్ ముందు కూర్చోబెట్టింది. ముసల్లం గారు మళ్ళీ చెప్పారు. ఈసారి తడబాటు తగ్గింది. ఒక ముసలాయన లేచి కండువా తీసి, అంత దూరాన్నుంచే ఆయనకు దండం పెట్టాడు.

ఆ తర్వాత సుజాత వారం వారం ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ఆమెకు అరబ్బీ రాదు, ఆయనకు తెలుగు అంతంత మాత్రం. అయినా నా దగ్గర రాని మాటలు ఆమె దగ్గర వచ్చేవి. నేను ఇన్నేళ్ళ అనుభవంలో పట్టించుకోని సంగతి అది. ఇప్పుడు కొత్త పేషెంటు ఇంటికి వెళ్తే, పరీక్షలు చేయడానికి ముందే ఇంట్లోవాళ్ళను ఒక మాట అడుగుతాను: ఈయన మాట కోసం ఎదురుచూసే మనిషి ఎవరు? వీలైతే ఆ మనిషిని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుని, అప్పుడు పని మొదలుపెడతాను.