గీత పెట్టమన్న అక్క

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా ఇల్లు ఒక రైస్ మిల్లు వెనక వీధిలో ఉండేది. మా నాన్న ఆ మిల్లులోనే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నానిన వడ్లకు ఆవిరి పట్టి ఉడికించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే ఉడికిన వడ్ల వాసన ఆయనకంటే ముందే గుమ్మంలోకి వచ్చేది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు చివరికి బయటపడింది ఆ వడ్ల దగ్గరే. నేను సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి మనస్తత్వ శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఎట్లా చదివితే పాఠం తలలో నిలుస్తుందో తెలుసుకుందామని నా క్లాసులోనే పరిశోధన కూడా చేశాను. ఆ ఆసక్తి ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. నిజానికి అది ఒక దొంగతనంతో మొదలైంది.

బడిలో ఒప్పజెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు. పద్యమైనా ఎక్కమైనా కళ్లు మూసుకుని గడగడా ఒప్పజెప్పేదాన్ని. అర్థం చెప్పమంటే మాత్రం నీళ్లు నమిలేదాన్ని. అదృష్టం కొద్దీ అర్థం ఎవరూ అడిగేవారు కాదు. అందుకని నాలుగో తరగతిలోనే నాకు తల ఎగరేసుకుని తిరగడం అలవాటైపోయింది.

మా పక్కింటి అక్క హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. ఆమె చదువూ మనస్తత్వ శాస్త్రమే. సెలవులకు వచ్చిందంటే వీధిలో ఆడవాళ్లు ఆమెకు ఎదురుపడడానికి జంకేవారు. "జర పైలం, మనసుల మాట పట్టేస్తదంట," అని మా అమ్మ గుసగుసలాడడం నేను విన్నాను. అక్క ఇవన్నీ విని నవ్వుకునేది. ఆమె పరేషాన్ వేరే ఉంది. ఆడపిల్లకు అంత దూరం చదువేమిటని వాళ్ల నాన్నకు మొదటి నుంచీ మనసొప్పలేదు. ఈసారి ప్రాక్టికల్ రికార్డు మీద లెక్చరర్ సంతకం పడకపోతే చదువు బందేనని ఆయన తేల్చి చెప్పాడు. ఆ రికార్డు కోసమే అక్క మా వీధి పిల్లలం ఎనిమిది మందిని వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టింది.

కార్బన్ పెట్టి రాసిన చిన్న పాఠం ఒకటి మా చేతికిచ్చింది. పచ్చి వడ్లు మిల్లులో ఉప్పుడు బియ్యం ఎట్లా అవుతాయన్నదే ఆ పాఠం. నలుగురు ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదవాలి. మిగిలిన నలుగురం ఒక్కసారి చదివి, కాగితం బోర్లించి, గుర్తున్నది రాయాలి. మరునాడు సాయంత్రం ఎనిమిది మందీ కాగితం చూడకుండా రాస్తే, ఏ పద్ధతిలో చదివినవాళ్లకు ఎక్కువ నిలిచిందో అక్క చూసుకుంటుంది. "యాదికున్నది రాయుర్రి. యాదికి లేనికాడ గీత పెట్టుర్రి. గీత పెడితే తప్పేం కాదు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

నేను బోర్లించే జట్టులో పడ్డాను. కాగితం బోర్లించగానే నా తల ఖాళీ అయిపోయింది. ఒప్పజెప్పాలంటే నేను పదిసార్లు పైకి చదవాలి. ఒక్కసారితో నా వల్ల కాలేదు. పక్కన నాకంటే చిన్నపిల్ల, బడిలో నాలుగు ముక్కలు కూడా సరిగ్గా ఒప్పజెప్పలేనిది, చకచకా రాసుకుంటూ పోతోంది. నా కాగితం మీద మాత్రం గీతలే గీతలు. అవి చూసుకుంటే ఏడుపొచ్చింది. అక్క కాగితాలు తిరిగి తీసుకుంటున్నప్పుడు, పాఠమున్న నా కాగితాన్ని మడిచి గౌను జేబులో పెట్టేసుకున్నాను.

మరునాడు పొద్దున్నే పెరట్లో కూర్చుని దాన్ని బట్టీ పట్టాను. సాయంత్రం ఒక్క గీత కూడా లేకుండా, కామాతో సహా దించేశాను. ముందు రోజు నా పక్కన చకచకా రాసిన చిన్నపిల్ల వైపు గర్వంగా కూడా చూశాను.

అక్క అందరివీ చదువుతూ నా కాగితం దగ్గర ఆగింది. కాసేపటికి నన్ను దగ్గరకు పిలిచింది.

"మీ నాయిన ఏం పని చేస్తడే?"

"బాయిలర్ కాడ ఉంటడక్కా."

"అయితే చెప్పు. నానిన వడ్లను ముందు ఎండబెడ్తరా, ఉడకబెడ్తరా?"

నవ్వొచ్చింది నాకు. మా వీధిలో పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి. "ముందు ఉడకబెడ్తరు. ఎన్క కల్లంల ఎండబోస్తరు," అన్నాను.

"మరి ఎండబెట్టినంక ఉడకబెడ్తరని రాసినవేంది?"

అప్పుడు అర్థమైంది. అక్కకు మిల్లు సంగతి సరిగా తెలియక పాఠంలోనే ఆ వరుస తప్పు రాసింది. మిగిలిన ఏడుగురూ ఆ తప్పును గమనించనైనా లేదు. తాము రోజూ చూసేదాన్నే గుర్తు చేసుకుని సరిగా రాసేశారు. వాళ్ల కాగితాలు చూశాకే అక్కకు తన తప్పు తెలిసింది. బాయిలర్ మనిషి కూతుర్ని నేనొక్కదాన్నే తప్పును తప్పుగా, పొల్లుపోకుండా రాశాను.

"కాగితం ఇంటికి తీస్కపోయినవా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. కోపం లేదు ఆ గొంతులో. అవునని ఉంటే అక్కడితో అయిపోయేది.

"లేదక్కా. అమ్మ తోడు," అన్నాను.

ఇచ్చినవి ఎనిమిది కాగితాలని, తిరిగి వచ్చినవి ఏడేనని ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఇంకేమీ అడగలేదు. నా తల నిమిరి పంపేసింది. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుతో తల వాలిపోతుంది.

రెండు రోజుల తర్వాత అక్క అరుగు మీద రికార్డు రాస్తుంటే గోడ మీద నుంచి తొంగి చూశాను. ఇంగ్లీషు రాత నాకేం తెలుస్తుంది? కానీ గళ్లలో అంకెలు తెలుస్తాయి. ఏడు గళ్లలో అంకెలున్నాయి. ఎనిమిదో గడిలో గీత ఉంది. వాళ్ల నాన్న కూడా అదే చూసి కేకలేస్తున్నాడు. గోడకు ఇవతల నేను కింద కూర్చుండిపోయాను.

"ఆ పిల్ల అందరికన్న మంచిగనే రాసింది గదా! అంకె వెయ్యరాదు? గిట్ల గీతలు పెడితే సంతకం ఎవడు పెడ్తడు?"

"అది యాదికుండి రాసిందో, ఎట్ల రాసిందో నాకు తెల్వదు నాయినా. తెల్వనికాడ గీతనే పెట్టాలె. గీత పెడితే తప్పు కాదని దానికి నమ్మకం కలిగేటట్టు నేనే చెప్పలేకపోయిన."

లేచి రెండడుగులు వేసి, నేనే తీసుకుపోయానని చెబితే చాలు. ఆ గడిలో గీత ఎందుకుందో రాసుకోవడానికి ఆమెకు ఒక కారణమైనా దొరికేది. నేను లేవలేదు. జేబులో కాగితాన్ని గట్టిగా పట్టుకుని, వాళ్ల మాటలు ఆగేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను.

లెక్చరర్ సంతకం పెట్టలేదు. ఎనిమిది మందితో మళ్లీ మొదటి నుంచీ చెయ్యమన్నారట. అదే సాకుగా వాళ్ల నాన్న అక్కను ఇంటి దగ్గరే ఉంచేశాడు. ఆమె చదువు ఒక ఏడాది ఆగిపోయింది. మేనమామ వచ్చి వాళ్ల నాన్నతో పోట్లాడితే తప్ప ఆమె మళ్లీ హాస్టల్ మొహం చూడలేదు.

ఆ ఏడాదంతా అక్క ఏం చేసిందో తెలుసా? నాకు చదువు చెప్పింది. సాయంత్రం పిలిచి, పాఠం ఒక్కసారి చదివించి, పుస్తకం మూయించేది. "ఇప్పుడు నీ మాటల్ల చెప్పు," అనేది. మిల్లుకు వెళ్లి నాన్న చేసే పనిని చూసొచ్చి చెప్పమనేది. నేను తడబడితే తొందర పెట్టేది కాదు. గీత పెట్టమనేది, ఆ గీత దగ్గరే మరునాడు మొదలుపెట్టేది. మొదటిసారి నాకు అర్థమయ్యే చదువు అబ్బింది. ఆమె నుంచి లాక్కున్న ఏడాదిని నేనే తింటున్నానని తెలిసి కూడా రోజూ వెళ్లి కూర్చున్నాను. కాగితం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత నేనూ ఆమె చదివిన చదువే చదివాను. నా క్లాసులో పిల్లలకు పుస్తకాలు మూయించి, గుర్తులేనిచోట గీత పెట్టమని చెప్పేదాన్ని. గీతలున్న కాగితాలను తక్కువగా చూడలేదు. వాటిని బట్టే మరునాటి పాఠం చెప్పేదాన్ని. దాని మీద వ్యాసాలు రాసి చదివితే చప్పట్లు కొట్టారు. ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్క వ్యాసంలోనూ రాయలేదు. రాస్తే మిగతాది కూడా రాయాల్సి వస్తుందని భయం.

అక్క టీచరుగా పనిచేసి కోదాడలో స్థిరపడింది. ఒంట్లో బాగుండడం లేదని తెలిసి పోయిన నెల చూడడానికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆ కాగితం నా సంచిలోనే ఉంది. మడతల దగ్గర చిరిగి, అక్షరాలు వెలిసిపోయి ఉంది. అక్క నన్ను చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. నా చదువు గురించి, నా క్లాసుల గురించి అడిగి అడిగి చెప్పించుకుంది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "మా అరుగు మీద రాసిన వడ్ల పాఠం నీకు యాదికున్నదానే?" అంది.

నేను అడగకుండానే నిజం చెప్పడానికి నాకు దారి ఇచ్చింది. ఇన్నేళ్లకు మళ్లీ ఇచ్చింది.

"లేదక్కా," అన్నాను.

"పోనీ తియ్," అని అదే చేత్తో నా తల నిమిరింది.

సూర్యాపేట బస్సులో కూర్చుని సంచిలోంచి కాగితం తీశాను. అది చూడకుండానే మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు వస్తుంది, ఆ తప్పుతో సహా. గుర్తులేనిచోట గీత పెట్టమంది అక్క. గుర్తున్నచోట గీత పెట్టి వచ్చాను నేను.